కందిరీగ పిల్లను చంపింది ఈగా, ఈగలోని బ్యాక్టీరియానా?

డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ లార్వాలున్న సీసాలో, వాటి లోపల గుడ్లు పెట్టే లెప్టోపిలినా కందిరీగల్ని వదిలితే, నెల గడిచినా ఒక్క కందిరీగ కూడా పుట్టలేదనుకుందాం. "ఈ ఈగలకు రోగనిరోధక శక్తి ఎక్కువ" అని రాసేయడం చాలా తేలిక. కానీ ఆ సీసాలో ఉన్నవి రెండు జీవులు కావు, మూడు. ఈగ ఒకటి, కందిరీగ ఒకటి. ఈగ శరీరంలో తల్లి నుంచి పిల్లకు దిగుతూ వచ్చే బ్యాక్టీరియా మూడోది. కందిరీగ శరీరంలోనూ మరో బ్యాక్టీరియా ఉంటే లెక్క నాలుగుకు చేరుతుంది. ఫలితం ఎవరి ఖాతాలో వేయాలో తేల్చకుండా అంకెలు రాస్తే అవి ఎందుకూ కొరగావు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ తేల్చడం గురించే.

ముందు కందిరీగ ఏం చేస్తుందో చూద్దాం. లెప్టోపిలినా హెటెరోటోమా, లెప్టోపిలినా బౌలార్డి రెండూ ఈగ లార్వాల్లోనే, ముఖ్యంగా రెండో దశలో ఉన్నవాటిలో గుడ్లు పెడతాయి. ఆడ కందిరీగ మేత మీద నడుస్తూ గుడ్లు పెట్టే సూదిని లోపలికి దించి వెతుకుతుంది. లార్వా తగలగానే దాని శరీర కుహరంలో ఒక గుడ్డు పెట్టి, దాంతోపాటు విషం ఎక్కిస్తుంది. సుమారు రెండు రోజుల్లో గుడ్డులోంచి పిల్ల బయటపడుతుంది. మొదట్లో అది ఈగ లార్వాను చంపదు, దాని లోపలే ఉండి హీమోలింఫ్ (పురుగు రక్తం) మీద బతుకుతుంది. ఈగ ప్యూపా (పెంకులో ఉండే దశ) అయ్యాక లోపలున్నదంతా తినేసి, అదే పెంకులో తానూ ప్యూపా అవుతుంది. కాబట్టి లార్వా ప్యూపా అయినంత మాత్రాన ఈగ గట్టెక్కినట్టు కాదు. 25 డిగ్రీల సెల్సియస్‌లో ఈగలు పదో రోజు నుంచి పుడతాయి. కందిరీగలకు దాదాపు మూడు వారాలు పడుతుంది, మగవి ఒకటి రెండు రోజులు ముందే వస్తాయి. రెండు వారాలకే సీసాలు పారేసేవాళ్లకు కందిరీగలు ఎప్పుడూ సున్నాయే.

ఈగ చేతులు ముడుచుకుని కూర్చోదు. డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో హీమోలింఫ్‌లోని ప్లాస్మటోసైట్లు అనే రక్తకణాలు గుడ్డును పసిగట్టి దాన్ని అంటుకుంటాయి. ఆ తర్వాత లామెల్లోసైట్లు అనే పలచని పెద్ద కణాలు పుట్టుకొచ్చి పొరలు పొరలుగా చుట్టేస్తాయి. చివరికి మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం పేరుకుని ఆ పొట్లం మొత్తం నల్లగా గట్టిపడుతుంది. లోపలున్న గుడ్డు చచ్చిపోతుంది. దీన్ని ఎదుర్కోవడానికే కందిరీగ విషం ఉంది. హెటెరోటోమా విషంలోని సూక్ష్మకణాలు లామెల్లోసైట్లనే నాశనం చేస్తాయి, అందుకే మెలనోగాస్టర్‌లో హెటెరోటోమా గుడ్డు చుట్టూ నల్లటి తొడుగు కనిపించడం అరుదు. బౌలార్డిలో రకాన్ని బట్టి తేడా ఉంటుంది. కొన్ని రకాల గుడ్లను ఈగ తరచూ బంధిస్తుంది, కొన్నింటిని ఏమీ చేయలేదు. అసోబారా టాబిడా అనే మరో కందిరీగ దారి వేరే. దాని గుడ్డు జిగురుగా ఉండి కొవ్వు కణజాలానికి అతుక్కుని రక్తకణాల కంట పడకుండా ఉండిపోతుంది.

ఇక స్పైరోప్లాస్మా. కణకవచం లేని, మెలితిరిగిన సన్నటి బ్యాక్టీరియా ఇది. ఈగ హీమోలింఫ్‌లో ఉంటుంది, గుడ్డులో పచ్చసొన చేరేటప్పుడు దానితోపాటే లోపలికి వెళ్లి తర్వాతి తరానికి అందుతుంది. డ్రోసోఫిలా హైడెయ్‌లో ఉండే హెచ్‌వై1 రకం హెటెరోటోమా నుంచి ఈగను కాపాడుతుందని 2010లో తేలింది. మెలనోగాస్టర్‌లో ఉండే ఎమ్మెస్సార్వో రకం కూడా కందిరీగ పిల్లల్ని చంపుతుంది, దాంతోపాటు ఈగ మగపిల్లల్నీ పిండదశలోనే చంపుతుంది. మగపిండాల్ని చంపే ప్రోటీన్‌ను 2018లో గుర్తించి స్పెయిడ్ అని పేరు పెట్టారు.

కందిరీగను చంపే తీరు మాత్రం ఇది కాదు. స్పైరోప్లాస్మా రైబోజోముల్ని పనికిరాకుండా చేసే విషప్రోటీన్లు తయారుచేస్తుంది. అవి రైబోజోములో భాగమైన 28ఎస్ ఆర్ఎన్ఏలో ఒక నిర్దిష్ట స్థానంలో ఉన్న ఒకే ఒక్క అడెనిన్‌ను తొలగిస్తాయి. ఆ ఒక్కటి పోతే రైబోజోము ప్రోటీన్లు తయారుచేయలేదు. ఆముదం గింజలోని రైసిన్ చంపేదీ సరిగ్గా ఇలాగే. దీనికి తోడు స్పైరోప్లాస్మా ఈగ హీమోలింఫ్‌లోని లిపిడ్లను (కొవ్వుల్ని) వాడేసుకుంటుంది, ఎదిగే కందిరీగ పిల్లకు కావాల్సినవీ అవే. ఈ రెండు కారణాల్లో దేని వాటా ఎంత అన్నది ఈగ, కందిరీగ జతను బట్టి మారుతుందని నా అభిప్రాయం. ఒక జతలో చూసినదాన్ని మరో జతకు అంటగట్టకూడదు.

ఈ రక్షణ ఈగకు ఉచితంగా దొరకదు. ఎమ్మెస్సార్వో ఉన్న ఆడ ఈగలు వయసు మళ్లేకొద్దీ లేనివాటికన్నా త్వరగా చనిపోతాయి. పైగా కందిరీగ చచ్చినంత మాత్రాన ఈగ బతుకుతుందన్న హామీ లేదు. మెలనోగాస్టర్ ఎమ్మెస్సార్వోతో బౌలార్డిని ఎదుర్కొన్నప్పుడు కొన్ని ఈగలు బతికి బయటపడతాయి. అదే హెటెరోటోమా అయితే కందిరీగా పుట్టదు, ఈగా దాదాపు పుట్టదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ప్రయోగంలో ఏమేం లెక్కపెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

లెక్కపెట్టాల్సినవి మూడు. కందిరీగ లేని సీసాల్లో పుట్టిన ఈగలు, కందిరీగ ఉన్న సీసాల్లో పుట్టిన ఈగలు, పుట్టిన కందిరీగలు. రెండు రకాల సీసాల్లోనూ లార్వాల సంఖ్య ఒకటే ఉండాలి. కందిరీగ లేనప్పుడు 100 ఈగలు, ఉన్నప్పుడు 40 ఈగలు, 15 కందిరీగలు వచ్చాయనుకోండి. దాడికి గురైనవి 100లోంచి 40 తీసేయగా 60, అంటే దాడి రేటు 0.6. ఆ 60లో కందిరీగగా బయటికొచ్చినవి 15, కాబట్టి విజయ రేటు 0.25. మిగిలిన 45లో ఈగా లేదు, కందిరీగా లేదు. చాలామంది పట్టికల్లో ఈ 45 ఎక్కడా కనిపించదు. నిజానికి బ్యాక్టీరియా పని చేసిందా లేదా అనే ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఒక జాగ్రత్త: కందిరీగ గుడ్డును చంపి ఈగలుగా బయటపడ్డవి ఈ లెక్కలో దాడికి గురికానివాటితో కలిసిపోతాయి. కాబట్టి పుట్టుకల లెక్క ఒక్కటే సరిపోదు, కొన్ని లార్వాల్ని విప్పి చూడాల్సిందే.

సీసాలు పెట్టే పద్ధతి చెబుతాను. గుడ్లు లెక్కపెట్టి వేయకండి, అప్పుడే బయటపడ్డ మొదటి దశ లార్వాలనే వేయండి. ఎమ్మెస్సార్వో ఉన్న తల్లి గుడ్లలో సగం, అంటే మగవన్నీ, లార్వా కాకముందే పోతాయి. గుడ్ల లెక్కన వేస్తే ఆ సీసాలో లార్వాలు సగానికి పడిపోతాయి, మేత రెట్టింపు దొరికినట్టవుతుంది, కందిరీగకు లార్వాలు దొరకడం కష్టమవుతుంది. అదంతా బ్యాక్టీరియా రక్షణలా కనిపిస్తుంది. చిన్న సీసాకు 30 లార్వాలు చాలు. కిక్కిరిస్తే ఎదుగుదల ఎగుడుదిగుడై కొన్ని రెండో దశలో, కొన్ని మూడో దశలో ఉంటాయి. మరో చిక్కు ఉంది: ఎమ్మెస్సార్వో సీసాలో అన్నీ ఆడవే, పోల్చి చూసే సీసాలో సగం మగవి. ఆడ మగ తేడా ఫలితంలో కలవకూడదనుకుంటే మగపిల్లల్ని చంపని హెచ్‌వై1, హైడెయ్ జతతో మొదలుపెట్టడం మేలు.

ఈగలతో గుడ్లు పెట్టించిన 48 గంటలకు, 25 డిగ్రీల్లో, మెలనోగాస్టర్ లార్వాలు చాలావరకు రెండో దశలో ఉంటాయి. హైడెయ్ నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి గంటలు చూసి కాకుండా లార్వానే చూసి నిర్ణయించాలి. కందిరీగలు పుట్టి కొన్ని రోజులైనవి, మగవాటితో జతకట్టినవి, తేనె తిన్నవి అయ్యుండాలి. దూది మూతకు లోపలివైపు తేనె చుక్క రాస్తే చాలు. ఎక్కువైతే కందిరీగలు అందులోనే అతుక్కుని చస్తాయి. అసలు ప్రయోగానికి ముందు వేరే లార్వాల మీద ఒకటి రెండు గంటలు వదిలి అలవాటు చేస్తే గుడ్లు పెట్టడంలో తడబాటు తగ్గుతుంది. గడువయ్యాక కందిరీగలన్నింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలిపోయినా అది రోజుల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, లార్వాను విప్పి చూడటం. దాడి జరిగిన రెండు మూడు రోజులకు ప్రతి సీసా నుంచి కొన్ని లార్వాల్ని తీసి నీటిలో కడగండి. గాజు పలక మీద పీబీఎస్ (ఉప్పు కలిపిన బఫర్ ద్రావణం) చుక్క వేసి లార్వాను అందులో పెట్టండి. సన్నమొన చిమటాలు రెండు తీసుకుని, ఒకదానితో నల్లటి నోటి కొక్కేల దగ్గర, రెండోదానితో శరీరం మధ్యలో పట్టుకుని మెల్లగా లాగాలి. చర్మం చీలి లోపలివన్నీ చుక్కలోకి జారతాయి. కుదుపు లేకుండా లాగితే పేగు తెగదు. తెగితే మేత అంతా కలిసి చుక్క మురికైపోతుంది, చిన్న గుడ్డు ఇక దొరకదు.

లెప్టోపిలినా గుడ్డు పొడవుగా, ఒక చివర కాడతో ఉంటుంది. అప్పుడే బయటపడ్డ పిల్ల ఒకసారి చూస్తే మర్చిపోలేని ఆకారంలో ఉంటుంది. ఛాతీ కింద కాళ్లలాంటి మూడు జతల పొడవాటి కండ పోగులు, వెనక తోక. బతికున్నదైతే చుక్కలో కదులుతుంది. ఇక్కడ మూడు రకాల దృశ్యాలు కనిపించవచ్చు. గుడ్డు చుట్టూ నల్లటి గట్టి తొడుగు ఉంటే పని ఈగ రక్తకణాలది. తొడుగు లేదు, గుడ్డులోంచి పిల్ల బయటికీ వచ్చింది, కానీ స్పైరోప్లాస్మా లేని లార్వాలో అదే వయసు పిల్లతో పోలిస్తే చిన్నగా, ఎదుగుదల ఆగి ఉంటే వేలు బ్యాక్టీరియా వైపు చూపాలి. గుడ్డూ లేదు, పిల్లా లేదు అంటే కందిరీగ అసలు ఆ లార్వాలో గుడ్డు పెట్టలేదు. నెల తర్వాత సీసాలో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి: కందిరీగ రాలేదు, అంతే.

చూసేటప్పుడు పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఈగలో కందిరీగ ప్రమేయం లేకుండా ఏర్పడే నల్లటి మెలనిన్ గడ్డల్ని తొడుగులనుకోవచ్చు. అనుమానం వస్తే గాజు బిళ్లతో నొక్కి లోపల గుడ్డుందో లేదో చూడాలి. కందిరీగ దాడి లేని లార్వాల్నీ అదే సంఖ్యలో విప్పి చూడాలి. ఒకే లార్వాలో రెండు మూడు పిల్లలుండటమూ మామూలే. చివరికి ఒక్కటే మిగులుతుంది, మిగతావి చిన్నగా చచ్చి పడుంటాయి. వాటిని స్పైరోప్లాస్మా ఖాతాలో రాయకూడదు. బౌలార్డిలో ఈ అతిగా గుడ్లు పెట్టే గుణాన్ని పెంచే వైరస్ కూడా ఒకటి ఉంది. ఒక లార్వాలో పదేపదే గుడ్ల గుంపులు కనిపిస్తుంటే ఆ కందిరీగల్లో వైరస్ ఉందేమో పరీక్షించాలి.

కందిరీగల్లోని బ్యాక్టీరియా కథ ఇంకో రకం. నాసోనియా విట్రిపెన్నిస్ అనే కందిరీగ ఈగ లార్వా జోలికి పోదు, సార్కోఫాగా లాంటి పెద్ద ఈగల ప్యూపాల మీద పడుతుంది. పెంకుకు రంధ్రం చేసి, విషం ఎక్కించి, పెంకుకూ ప్యూపాకూ మధ్య ఖాళీలో ప్యూపా మీదే గుడ్లు పెడుతుంది. ఒక ప్యూపాలో పదుల సంఖ్యలో పిల్లలు పెరుగుతాయి. 25 డిగ్రీల్లో రెండు వారాల్లో కొత్త తరం సిద్ధం. ఒక ఆడదానికి రెండు ప్యూపాలిచ్చి రెండు రోజులుంచితే సరిపోతుంది. తేలికగా, డొల్లగా ఉన్న ప్యూపాల్ని ముందే ఏరేయాలి, ఈగ పుట్టడానికి దగ్గరపడ్డ ముదురు ప్యూపాలూ పనికిరావు. కొత్త ప్యూపాల్ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో కొన్ని వారాలు దాచుకోవచ్చు. జతకట్టని ఆడవి కావాలంటే పుట్టేదాకా ఆగకూడదు, బయటికి రాగానే మగవి కాచుకుని ఉంటాయి. రెండో వారంలో పెంకు గిల్లి కందిరీగ ప్యూపాల్ని బయటికి తీయాలి. మగవాటి రెక్కల మొలకలు పొట్టివి. ఆడవాటికి రెక్కలు పొడుగు, పొట్ట కింద సూది గీత కనిపిస్తుంది.

కందిరీగల్లో ఫలదీకరణ జరగని గుడ్డు మగది, జరిగింది ఆడది అవుతుంది. ఇక్కడే వోల్బాకియా అనే బ్యాక్టీరియా చేయిపెడుతుంది. వోల్బాకియా ఉన్న మగది లేని ఆడదానితో జతకడితే, తండ్రి క్రోమోజోములు మొదటి విభజనలోనే చెడిపోతాయి. విట్రిపెన్నిస్‌లో అలాంటి గుడ్లు చాలావరకు మగవిగా మారిపోతాయి. కాబట్టి సీసా నిండా మగవే పుడితే మూడు అవకాశాలు: తల్లి జతకట్టనేలేదు, లేదా వోల్బాకియా పొత్తు కుదరలేదు, లేదా తండ్రి వీర్యకణంతో పీఎస్సార్ అనే స్వార్థపు క్రోమోజోము వచ్చి తండ్రి వాటానంతా నాశనం చేసింది. తేల్చడానికి నాలుగు జతలూ వేయాలి: వోల్బాకియా ఉన్నవి, లేనివి, ఆడ మగ మార్చి మార్చి. లేని ఆడది, ఉన్న మగది అనే జతలోనే మగపిల్లలు నిండితే అది వోల్బాకియా పని. వోల్బాకియా ఉన్న ఆడదానితో కూడా అదే జరిగితే, అదీ జతకట్టడం కళ్లారా చూశాక జరిగితే, పీఎస్సార్‌ను అనుమానించాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకం ఆర్సెనోఫోనస్ నాసోనియే అనే మరో బ్యాక్టీరియా. ఇది సోకిన తల్లి మగపిల్లల్లో సుమారు 80 శాతం చనిపోతాయి. ఇది గుడ్డు ద్వారా దిగదు. తల్లి కుట్టేటప్పుడు ఈగ ప్యూపాలోకి చేరుతుంది, పిల్లలు దాన్ని తింటూ తెచ్చుకుంటాయి. అందుకే ఒకే ప్యూపా మీద సోకిన తల్లి, సోకని తల్లి రెండూ గుడ్లు పెడితే సోకని దాని పిల్లలకూ అంటుకుంటుంది. సోకినవి, సోకనివి అనే ఈ రెండు వరుసలకూ (విడిగా పెంచే వంశాలకూ) ప్యూపాలు, చిమటాలు, సీసాలు అన్నీ వేరుగా ఉండాలి.

బ్యాక్టీరియాను తీసేసి పోల్చడానికి యాంటీబయోటిక్ వాడతారు. నాసోనియా ఆడవాటికి తీపి నీటిలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము టెట్రాసైక్లిన్ కలిపి ఒకటి రెండు రోజులు తాగిస్తారు. ఈగలకు మేతలో కలుపుతారు, మిల్లీలీటరుకు 0.05 మిల్లీగ్రాములు చొప్పున రెండు తరాలు. మేత బాగా చల్లారాకే కలపాలి, వేడిలో మందు చెడుతుంది. వెలుతురుకూ చెడుతుంది, సీసాకు అల్యూమినియం రేకు చుట్టాలి. స్పైరోప్లాస్మా మీద పెన్సిలిన్, ఆంపిసిలిన్ లాంటివి దండగ. అవి కణకవచం కట్టుకోకుండా అడ్డుపడే మందులు, దీనికి ఆ కవచమే లేదు. టెట్రాసైక్లిన్ ఈగ మైటోకాండ్రియానూ దెబ్బతీస్తుంది, పేగులోని బ్యాక్టీరియానూ తుడిచేస్తుంది. కాబట్టి మందు ఆపాక కనీసం రెండు తరాలు మామూలు మేత మీద పెంచాలి. మందు తాకని ఈగలు తిరిగిన మేతను కొంచెం కలిపి పేగు బ్యాక్టీరియాను తిరిగి అందించాలి. వీటిని దాటేసి చేసిన పోలికలో బ్యాక్టీరియా తేడా ఎంతో, మందు దెబ్బ ఎంతో విడదీయలేం. కొన్ని కందిరీగల్లో యాంటీబయోటిక్ అనుకోని చోట తగులుతుంది. అసోబారా టాబిడాకు ఇస్తే ఆడవాటిలో గుడ్లే ఏర్పడవు. మగవి లేకుండా ఆడవే పుట్టే కొన్ని ట్రైకోగ్రామా కందిరీగలకు ఇస్తే మగవి పుట్టడం మొదలవుతుంది, 1990లో ఈ ప్రయోగంతోనే ఆ గుణం బ్యాక్టీరియాదని తేలింది.

బ్యాక్టీరియా పోయిందో లేదో పీసీఆర్ (డీఎన్ఏను పెంచి గుర్తించే పరీక్ష) చెప్పాలి. వోల్బాకియాకు డబ్ల్యూఎస్‌పీ జన్యువు వాడుక. ప్రతి నమూనాకూ పురుగు సొంత జన్యువు ఒకటి కూడా పెట్టాలి. అది రాకపోతే డీఎన్ఏయే సరిగా రాలేదని అర్థం, దాన్ని "సోకలేదు" కింద రాయకూడదు. మరో వైపు డ్రోసోఫిలా అనానసేలో కొన్ని వరుసల్లో వోల్బాకియా జన్యుపటం దాదాపు మొత్తం ఈగ క్రోమోజోములోనే చేరి ఉంది. అక్కడ మందు వేసి బ్యాక్టీరియాను పూర్తిగా చంపినా పీసీఆర్ ఉందనే చెబుతుంది. అలాంటప్పుడు రంగు వేసి సూక్ష్మదర్శినిలో అండాశయాన్ని చూడటం తప్పదు.

మెలనోగాస్టర్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ముందు వోల్బాకియా పరీక్ష చేయండి. పరిశోధకులకు ఈగల్ని పంపే అమెరికాలోని బ్లూమింగ్టన్ కేంద్రం ఈగల్లో దాదాపు 30 శాతం వరుసలకు అది ఉందని 2005లో వెల్లడైంది. ఇది ఆర్ఎన్ఏ వైరస్‌ల నుంచి ఈగను కాపాడుతుందని 2008లో తేలింది, కాబట్టి కందిరీగ ప్రయోగంలో వైరస్ కూడా ఉంటే లెక్క ఇంకోలా తిరుగుతుంది.

ఎమ్మెస్సార్వో వరుసను నిలబెట్టడానికి ప్రతి తరంలో అదే జన్యు నేపథ్యం ఉన్న, స్పైరోప్లాస్మా లేని వరుస నుంచి మగ ఈగల్ని తెచ్చి కలపాలి. సొంత మగవి పుట్టవు కదా. సీసాలో ఒక్కసారిగా మగవి కనిపిస్తే ఆ తల్లులు స్పైరోప్లాస్మాను పోగొట్టుకున్నాయని అనుమానించి పక్కన పెట్టాలి. హెచ్‌వై1 వరుసలో ఈ గుర్తు ఉండదు, చూపుతో పట్టలేం. గుడ్లు పెట్టేసిన తల్లుల్ని పీసీఆర్ చేసి, బ్యాక్టీరియా ఉన్నదాని సీసానే తర్వాతి తరానికి ఉంచుకోవాలి. వేగం తగ్గించడానికి ఈగల్ని 18 డిగ్రీల్లో పెట్టే అలవాటు హెచ్‌వై1కు పనికిరాదు. చల్లదనంలో అది తల్లి నుంచి పిల్లకు అందడం తగ్గుతుంది, 15 డిగ్రీల్లో వరుస నుంచే జారిపోతుంది. 25 డిగ్రీల్లో ఉంచి, రెండు అల్మారాల్లో రెండు నకళ్లు పెట్టుకోవాలి.